అల్జీమర్స్ వస్తుందో రాదో ఎపిజెనెటిక్ టెస్టు చెబుతుందా?

ప్రశ్న: నా వయసు 46. నాన్నగారికి 72వ ఏట అల్జీమర్స్ బయటపడింది. ఈమధ్య నాకూ మనుషుల పేర్లు టక్కున గుర్తుకు రావడం లేదు. రక్తంలో ఎపిజెనెటిక్ మార్కర్లు చూసి ఈ జబ్బు వస్తుందో రాదో ముందే చెప్పేస్తారని చదివాను. చేయించుకోమంటారా డాక్టర్ గారూ?

జవాబు: వద్దండీ. మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు, కాకపోతే అదింకా పరిశోధన దశలోనే ఉంది.

డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో ప్రభావితం చేసే రసాయన గుర్తులు కొన్ని ఉంటాయి. ఎపిజెనెటిక్ మార్కర్లంటే ఇవే. మిథైలేషన్ అలాంటిదే. అల్జీమర్స్ ఉన్నవారు చనిపోయాక వారి మెదడును పరీక్షిస్తే, ఏఎన్‌కే1 అనే జన్యువు దగ్గర ఈ గుర్తులు పెరిగినట్టు 2014లో తేలింది. చూశారా, అది మెదడులో సంగతి! మీరు ఇచ్చేది రక్తం. అందులో కనిపించేది ప్రధానంగా తెల్లకణాల మిథైలేషన్. ఒక్కో రకం కణానిది ఒక్కో తీరు. ఇన్ఫెక్షన్ వచ్చి తెల్లకణాల పాళ్లు అటూఇటూ అయినా, సిగరెట్ తాగినా ఫలితం మారిపోతుంది. పైగా ఈ మార్పుల్లో జబ్బు తెచ్చేవి ఏవో, జబ్బు వల్ల వచ్చినవి ఏవో విడదీయడం కష్టం. రేపు ‘మీ ఎపిజెనెటిక్ వయసు (ఈ గుర్తులను బట్టి అంచనా వేసే శరీర వయసు) 58’ అని రిపోర్టు వస్తే ఏం చేస్తారు? టెన్షన్ పడటం తప్ప!

పీ-టావ్217 రక్తపరీక్ష సంగతి వేరు, అది అల్జీమర్స్‌తో ముడిపడిన టావ్ అనే ప్రొటీన్‌ను కొలుస్తుంది. దాని ఆధారంగా పనిచేసే ఒక పరీక్షకు 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అదీ లక్షణాలున్న, 55 ఏళ్లు దాటిన వారికే.

నాన్నగారికి 72లో వచ్చింది కాబట్టి మీకు ముప్పు కొంత ఎక్కువే, కానీ వచ్చి తీరుతుందని కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి 65 లోపే వచ్చి ఉంటే మాత్రం జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. పేరు కాసేపాగి గుర్తొస్తుంటే కంగారు పడకండి. ముందు బీ12, థైరాయిడ్ చూపించుకోండి. నిద్ర సరిగా లేకపోయినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారి తప్పడం, లెక్కల్లో తికమకపడటం ఇంట్లోవాళ్లు గమనిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

మార్చుకోగల 14 ముప్పు కారణాలను సరిచేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) కేసులను ఆపడమో ఆలస్యం చేయడమో వీలవుతుందని 2024లో వైద్య పత్రిక ‘లాన్సెట్’ వేసిన నిపుణుల కమిషన్ అంచనా. వాటిలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఎలాగూ చూపించుకుంటారు. వినికిడి లోపమూ వాటిలో ఒకటే. వినికిడి పరీక్ష కూడా చేయించుకోండి, దాన్నే చాలామంది వదిలేస్తారు.