బ్యాటరీ బండి కొంటున్న బిడ్డకు

బిడ్డా,

హసన్‌పర్తి బడికి ఇక బ్యాటరీ స్కూటర్ మీదే వెళ్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. నీ జీతంతో కొంటున్న మొదటి బండి! ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున భయం మొదలైంది.

బండితో ఇచ్చిన ఛార్జరే వాడు. ఎండలో తిరిగొస్తే అరగంట చల్లారనిచ్చి ప్లగ్ పెట్టు. బ్యాటరీ ఉబ్బితే ఇంట్లోకి తేవద్దు.

అసలు సంగతి నేను చేసిన తప్పు. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ బ్యాటరీలు బాగుచేశాను. సీసం బ్యాటరీని నిండుగా ఉంచాలి. ఖాళీగా వదిలేస్తే పలకల మీద తెల్లటి పొర గట్టిపడి చచ్చిపోతుంది. ఆ పాఠాన్నే నా స్కూటర్‌లోని లిథియం బ్యాటరీకీ అంటగట్టాను. రోజూ నూరు శాతం నింపేవాణ్ణి. ఒక మే నెలలో మంచిర్యాల వెళ్తూ, రేకుల షెడ్డులో బండిని ఛార్జర్‌కు తగిలించే వెళ్లాను. నెల తర్వాత తలుపు తీస్తే హ్యాండిల్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, ఛార్జర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది. నిండుగా ఉంది కదా అని మురిసిపోయాను.

బ్యాటరీ లోపల ఉండే లిథియం సెల్ నిండితే, చాలా రకాల్లో 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో లోపలి ద్రావణం కొద్దికొద్దిగా చెడుతూ, పనికొచ్చే లిథియాన్ని పొరగా మింగేస్తుంది. వేడి తోడైతే మరీ త్వరగా.

ఆ వానాకాలం ఒక రాత్రి మీ పెద్దమ్మను ఆస్పత్రి నుంచి తీసుకొస్తుంటే, మీటరు ముప్పై శాతం చూపిస్తుండగానే భద్రకాళి చెరువు దగ్గర బండి ఆగిపోయింది. జ్వరంతో ఉన్న మనిషి, వద్దంటున్నా వెనక నుంచి తోసింది. ఆ దారిలో నువ్వు ఒక్కదానివే అలా నిలబడిపోకూడదు తల్లీ.

రోజూ ఎనభై దగ్గర ఆపేయి, ఇరవైకి దిగకముందే పెట్టు. దూరం వెళ్లే రోజు నింపుకో, నిండగానే బయలుదేరు. వేసవి సెలవుల్లో సగం ఉంచి నీడలో పెట్టు. నీ బ్యాటరీ లిథియంలోనే ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) అనే రకమైతే అప్పుడప్పుడు పూర్తిగా నింపాలి, లేకపోతే మీటరు లెక్క తప్పుతుంది. ఎంతకోసారో బండి పుస్తకంలో చూడు.

"సరే పెదనాన్నా" అని తలూపి, రాత్రంతా తగిలించి పడుకుంటావు. నీ సంగతి నాకు తెలియదా? మెట్ల కింద మాత్రం పెట్టనివ్వను. మంటలొస్తే మీరు దిగే దారి అదే. ఆదివారం వస్తాను. వాన తగలని వరండా గోడకు ప్లగ్ పాయింట్ నేనే బిగిస్తాను. వైరు కొనవద్దు, నా దగ్గర ఉంది.

మీ పెదనాన్న