చెయ్యి మసకబారిన తాతయ్య ఫొటో: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది చీరాల దగ్గర చేనేత కుటుంబం. డిగ్రీ అయ్యాక ఫొటోగ్రఫీలో పీజీ చేయాలని ఉంది. సెకండ్‌హ్యాండ్ కెమెరాతో, తాతయ్య మగ్గం నేస్తుండగా ఒక ఫొటో తీశాను. ఆయన కళ్లద్దాలు, వాటికి కట్టిన దారం చక్కగా వచ్చాయి కానీ కుడి చెయ్యి మొత్తం మసకైపోయింది. కిటికీ తెల్లగా మాడిపోయింది. ఫ్రేమ్ కూడా కొంచెం పక్కకి ఒరిగింది. మా ఊళ్లో స్టూడియో నడిపే అన్నయ్య చూసి ‘వేస్టు, డిలీట్ చేసెయ్’ అన్నారు. నాకు మనసొప్పడం లేదు. పోర్ట్‌ఫోలియోలో (పీజీ ప్రవేశానికి ఏరి చూపించే ఫొటోల్లో) పెడితే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఫొటో కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు, సర్?
– ఒక విద్యార్థిని

జవాబు: డిలీట్ చేయకండి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతాది మాట్లాడతాను.

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఫొటోని దాచుకోవాలా అన్నది ఒకటి, నలుగురికీ చూపించాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ ‘అవును’ అనే చెబుతాను. రెండోదానికి మాత్రం చాలాసార్లు ‘కాదు’ అనాల్సి వస్తుంది. ఈ రెంటినీ కలిపేయడం వల్లే పిల్లలు కొందరు మంచివి తీసేస్తున్నారు, కొందరు తీసిన ప్రతిదీ పోర్ట్‌ఫోలియోలో కుక్కుతున్నారు.

మీ ఫొటోని కంప్యూటర్‌లో పూర్తి సైజుకి పెద్దది చేసి చాలాసేపు చూశాను. షట్టర్ వేగం, అంటే కెమెరా లోపలికి వెలుతురు వచ్చిన సమయం, సెకనులో 15వ వంతు అని ఫైల్‌లోనే నమోదై ఉంది. ఆ కాసేపట్లో కదిలింది మసకవుతుంది. మసక అనేది ఒక్క రకం కాదు, అది మీరు మొదట తెలుసుకోవాలి. తీసేవాళ్ల చెయ్యి కదిలితే ఫొటోలో ఉన్నదంతా ఒకే వైపుకి సాగినట్టు కనిపిస్తుంది. ఫోకస్ తప్పితే మనకి కావలసిన మనిషి మసకగా, వెనకున్న గోడ స్పష్టంగా వస్తుంది. ఎదుటి మనిషి కదిలితే కదిలిన భాగం ఒక్కటే చెదురుతుంది, మిగతాదంతా నిలకడగా ఉంటుంది. మీది ఈ మూడో రకం. కళ్లద్దాల దారం పేట కూడా లెక్కపెట్టొచ్చు. పడుగు దారాలు (మగ్గం మీద పొడవునా బిగించినవి) దేనికది విడిగా ఉన్నాయి. చెదిరింది తాతయ్య కుడి చెయ్యి, ఆ చెయ్యి తాడు లాగితే దూసుకెళ్లిన నాడె (అడ్డదారాన్ని మోసుకెళ్లే పరికరం) మాత్రమే. నాడె అయితే పడుగు మీద తెల్లటి గీతలా పడింది.

మరి ఆ ఫొటో దేని గురించి? ఒక మనిషి నేయడం గురించి. నేయడం అంటేనే ఆ చెయ్యి, ఆ నాడె. అవి కదులుతున్నట్టు కనిపించడం తప్పెలా అవుతుంది? అదే మసక ఆయన కళ్ల మీద పడి ఉంటే నేనూ ‘ఇది చూపించొద్దు’ అనేవాణ్ని. లోపం ఎంత పెద్దది అని చూడకండి, ఎక్కడ పడింది అని చూడండి. నేను ఏ ఫొటోనైనా తూచేది దీంతోనే. కిటికీనీ అలాగే చూద్దాం. జేపెగ్ ఫైల్‌లో (కెమెరా కుదించి దాచే మామూలు ఫొటో ఫైల్‌లో) తెల్లగా మాడిపోయిన చోట ఏ సమాచారమూ మిగలదు, దాన్ని వెనక్కి తేలేరు. కానీ ఆ కిటికీ అవతల మనం చూడాల్సినదేమైనా ఉందా? లేదు. కాబట్టి పోనివ్వండి. ఇకనుంచి ‘రా’ (RAW) ఫైల్, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్, కూడా సేవ్ అయ్యేలా సెట్టింగ్ పెట్టుకోండి. కాస్త మాడినా కొంత వెనక్కి వస్తుంది. ఫ్రేమ్ ఒరగడం గురించి బెంగ వద్దు, ఒక నిమిషం పని.

మీరు రాయని లోపం ఒకటుంది. తాతయ్య తల వెనక, సరిగ్గా నడినెత్తి మీద నుంచి మొలిచినట్టు ట్యూబ్‌లైట్ పట్టీ ఉంది. నా కన్ను ప్రతిసారీ చెయ్యిని వదిలి దాని మీదికే పోయింది. మీరు ఒక్క అడుగు ఎడమకి జరిగి ఉంటే అది తల వెనక నుంచి పక్కకి తప్పుకునేది. మసక కన్నా ఇదే పెద్ద తప్పు. మీరు మసక గురించి బాధపడుతూ దీన్ని గమనించలేదు. ఇది తిట్టడం కాదు, అందరికీ జరిగేదే. మనవాళ్ల ముఖం ఎదురుగా ఉంటే వెనక ఏముందో కంటికి ఆనదు.

స్టూడియో అన్నయ్య మీద కోపం పెట్టుకోకండి. ఆయన లెక్క ఆయనకి సరైనదే. పెళ్లికూతురి చెయ్యి మసకగా వస్తే కస్టమర్ డబ్బులివ్వరు. రోజూ ఆ పని చేసే కన్ను స్పష్టతనే వెతుకుతుంది. పీజీ ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు వెతికేది వేరు.

ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే కుర్రాడు, 1910ల మొదట్లో, ఇరవై కూడా నిండకుండానే, కార్ల రేసులో ఒక ఫొటో తీశాడు. ఫొటోలో కారు సగమే పడింది. చక్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ముందుకి వాలిపోయింది. వెనక నిలబడ్డ జనం ఎదురు పక్కకి ఒరిగిపోయారు. కారణం కెమెరాయే. అందులో షట్టర్ సన్నటి చీలికలా నెగెటివ్ మీదుగా జరుగుతుంది, కాబట్టి చక్రం కిందిభాగం ఒక క్షణంలో, పైభాగం ఇంకో క్షణంలో నమోదయ్యాయి. ఆ మధ్యలో కారు ముందుకి పోయింది. అతను కారుతో పాటు కెమెరా తిప్పాడు కాబట్టి జనం ఎదురు దిక్కుకి వాలారు. లార్తీగ్ దాన్ని చెడిపోయిన ఫొటో అనుకుని పక్కన పెట్టేశాడు. పారేయలేదు. 1963లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆయన ఫొటోలతో ప్రదర్శన పెట్టింది. ఇవాళ వేగాన్ని ఫొటోలో ఎలా చూపిస్తారని ఎవరైనా అడిగితే చాలామంది టీచర్లు చూపించేది ఆ వాలిన చక్రాన్నే. అది పక్కన పెట్టిన డబ్బాలోంచి వచ్చింది, చెత్తబుట్టలో పడి ఉంటే వచ్చేది కాదు.

ఇలాంటి కథ చెప్పగానే కొందరు ప్రతి చెడిపోయిన ఫొటోనీ కళ అనేస్తారు. అది వద్దు. లోపం వల్ల ఫొటోకి ఏదైనా కలిసిందా, లేక లోపం ఉన్నా మీరు క్షమిస్తున్నారా? మీరు క్షమించడానికి కారణం తాతయ్య మీద ప్రేమే అయితే, ఆ ఫొటో మీ ఇంటి ఆల్బమ్‌లో ఉండాలి. అది గౌరవమైన చోటే, తక్కువేమీ కాదు. తేడా తెలియాలంటే ఒక పని చేయండి. తాతయ్యని ఎరగని ఒకరికి, వీలైతే మగ్గం చూడని మనిషికి ఫొటో ఇవ్వండి. మీరేమీ చెప్పకండి, వివరణ ఇవ్వాలనిపించినా నోరు కట్టేసుకోండి. ‘ఇందులో ఏం కనిపిస్తోంది?’ అని మాత్రం అడగండి. ‘ఎవరో పెద్దాయన కూర్చున్నారు’ అంటే అది ఆల్బమ్‌కే, ‘చెయ్యి ఎంత జోరుగా ఆడుతోందో’ అంటే నలుగురికీ చూపించొచ్చు. ముగ్గురిని అడిగితే చాలు.

ఇంకో జాగ్రత్త. తీసిన రోజే తీర్పు చెప్పకండి. ఆ రోజు ఎండ, చెమట, తాతయ్య అన్న మాట అన్నీ మీ తలలో ఉంటాయి, ఫొటోలో ఉండవు. ఒక నెల ఆగి చూస్తే ఫొటోలో ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. నేను ఒకప్పుడు దీనికి వ్యతిరేకంగా చేశాను. మా నాన్నగారు పెరట్లో మోటారు బాగుచేస్తూ నవ్వుతున్న ఫొటో ఒకటి, మసకగా ఉందని, మెమరీ కార్డు నిండిందని అక్కడికక్కడే తీసేశాను. ఆయన పోయాక వెతికితే దొరికినవన్నీ నిటారుగా నిలబడి గుండీలు పెట్టుకున్నవే. పెరట్లో పని చేసుకునే మనిషి ఒక్క ఫొటోలోనూ లేరు. కార్డు నిండిందని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు చదువు విషయం. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్ (డిజైన్ పీజీ) ఉంది. ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియాలోని మాస్ కమ్యూనికేషన్ సెంటర్‌లో స్టిల్ ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌లో పీజీ డిప్లొమా ఉంది. (ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇదే రంగంలో నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, బీఎఫ్‌ఏ, ఉంది. దానికి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.) తేదీలు, అర్హతలు ఆయా సంస్థల నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఇంటర్వ్యూ దాకా వెళ్తే మీ ఫొటో మీద ‘ఇది ఎందుకు ఉంచారు?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుందనుకుని సిద్ధంకండి. అప్పుడు ‘కావాలనే మసకగా తీశాను’ అని మాత్రం అనొద్దు. అనుకోకుండా వచ్చింది, చూశాక నచ్చింది, ఎందుకు నచ్చిందంటే ఇదీ, అని చెప్పండి. ఆ నిజాయితీకి విలువ ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌తో లేని వేళ్లని గీయించి చెయ్యిని స్పష్టం చేసే పని కూడా పెట్టుకోవద్దు. అప్పుడది మీ తాతయ్య చెయ్యి కాదు.

పోర్ట్‌ఫోలియోలో ఈ ఒక్కటే పెడితే సరిపోదు. మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లండి. ట్యూబ్‌లైట్ తప్పేలా ఎడమకి జరిగి, సెకనులో 8వ వంతు, 15, 30, 60 ఇలా వేగం మారుస్తూ ఒక్కోదానికి పదేసి తీయండి. 60వ వంతు దగ్గర చెయ్యి మసక బాగా తగ్గుతుంది, 8వ వంతు దగ్గర ఇంకా ఎక్కువవుతుంది. ఎంత మసక కావాలో అప్పుడు మీరే ఎంచుకుంటారు. కొత్తది మెరుగ్గా ఉంటే దాన్నే చూపించండి. పాతదాని అసలు ఫైల్ మాత్రం రెండు వేర్వేరు చోట్ల దాచండి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోలా పంపుకున్నది అసలు ఫైల్ కిందికి రాదు, అందులో సైజు, నాణ్యత రెండూ తగ్గిపోతాయి.

పాతదీ కొత్తదీ ప్రింట్ తీయించి తాతయ్య చేతిలో పెట్టండి. ఆ తెల్లటి గీత చూసి నాడె ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఆయన చెప్పగలరని నా నమ్మకం. ఆయన ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే, తేదీతో సహా, ప్రింట్ వెనక రాసుకోండి.