బ్రెజిల్‌లో ఆఫ్రో-బ్రెజిలియన్ చరిత్ర చెప్పే టీచర్లకు ప్రత్యేక శిక్షణ ఎందుకు?

2003 నాటి 10,639వ నంబరు చట్టం ఈ పాఠాలను బడుల్లో తప్పనిసరి చేసింది కానీ, చెప్పాల్సిన టీచర్లలో చాలామంది వాటిని తాము చదువుకోలేదు, అందుకే శిక్షణ. వాళ్ల కాలం పుస్తకాల్లో ఆఫ్రికన్లంటే ఓడల్లో తెచ్చిన బానిసలు, 1888లో బానిసత్వం రద్దు, దాదాపు అంతే.

భాష చెప్పే టీచరునే తీసుకోండి. ఇంట్లో ఆఖరి బిడ్డను బ్రెజిల్‌లో ‘కసులా’ అంటారు. బ్రెజిల్‌లో మాట్లాడేది పోర్చుగీసే అయినా, ఆ మాట పుట్టింది పోర్చుగల్‌లో కాదు, ఆఫ్రికాలోని అంగోలాలో మాట్లాడే కింబుందు భాషలో. పిల్లల నోట్లో రోజూ నలిగే మాటే పాఠమైపోతుంది (ఇంతకంటే సులువైన మొదలు ఏముంటుంది!).

ఇదంతా నల్లజాతి పిల్లలకేనని, నల్లజాతి చైతన్య దినమైన నవంబరు 20న ఓ కపోయెరా (ఆఫ్రో-బ్రెజిలియన్ యుద్ధకళ) ప్రదర్శన పెట్టేస్తే సరిపోతుందని అనుకోవడం పొరపాటు. పిల్లలందరికీ, సిలబస్ మొత్తంలో, ముఖ్యంగా కళలు, సాహిత్యం, చరిత్రలో చెప్పాలన్నది చట్టం.