మగ్గం ముందు లేని నామోషీ సూది పడితే ఎందుకు?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాకు 64 ఏళ్లు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, నా భార్య పోయి రెండేళ్లయింది. మా నాన్న నారాయణపేటలో మగ్గం నేసేవారు. నేను చదువుకుని ఆ పని వైపు వెళ్లలేదు. ఈమధ్య పక్కింటావిడ దగ్గర క్రోషియా అల్లిక నేర్చుకున్నాను. ఆదివారాలు గుడి మంటపంలో ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని అల్లుతుంటే, 'రండి అన్నయ్యా' అని నన్నూ పిలిచారు. ఆ రెండు గంటలూ ఎంతో హాయిగా ఉండేది. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయికి తెలిసి, 'ఆడవాళ్ల మధ్య ఈ పనేమిటి నాన్నా, పరువు పోతుంది' అన్నాడు. ఊలు, సూది అటక మీద పడేశాను. వారమైంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు వాటిని అటక మీద నుంచి దించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నారాయణపేటలో, గద్వాలలో గుంట మగ్గంలో కూర్చుని చీర నేసిన చేతులు ఎక్కువగా మగవాళ్లవే. ఇంటి ఆడవాళ్లు కండెలకు దారం చుట్టి ఇస్తే, మగవాళ్లు ఆ దారాన్ని అడ్డంగా నడిపే నాడె ఆడించేవారు. కృష్ణ ఒడ్డున వలలు అల్లే చేతులూ మగవాళ్లవే. దారం పట్టుకోవడం మీ ఇంట కొత్త కాదు. క్రోషియా అనగానే మీ అబ్బాయికి నరసాపురం లేసు గుర్తొచ్చి ఉంటుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసు ఆడవాళ్ల చేతిపనిగా పేరు పడింది, నిజమే. అంతమాత్రాన మగవాళ్లు సూది పట్టకూడదన్న నియమం ఎక్కడా లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ పిలుపు. 'రండి అన్నయ్యా.' ఉద్యోగం చేసినన్నాళ్లూ మగవాళ్లకు ఆఫీసు తెలుస్తుంది, వీధి తెలియదు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఇవన్నీ భార్య చెబితేనే తెలుస్తాయి. ఆమె పోయినప్పుడు ఆ వీధి కూడా మీకు దూరమై ఉంటుంది. ఇప్పుడు మీ అంతట మీరు సంపాదించుకున్న మొదటి పరిచయాలు ఆ మంటపంలోనే ఉన్నాయి. మీరు నిద్ర పోగొట్టుకున్నది ఊలు కోసం కాదని నాకనిపిస్తోంది.

మీ అబ్బాయితో ఫోనులో వాదించకండి. 'నీతో ఎవరైనా ఏమైనా అన్నారా?' అని నెమ్మదిగా అడగండి. బంధువులెవరో అన్న మాట అతన్ని గుచ్చి ఉండవచ్చు. తల్లి లేని ఇంట్లో తండ్రి మారిపోవడం చూసి బెంగపడుతూ ఉండవచ్చు కూడా. ఈసారి వచ్చినప్పుడు ఆదివారం మంటపానికి తీసుకెళ్లండి. వివరించి చెప్పేకంటే కళ్లారా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అయితే అతని అనుమతి కోసం మాత్రం ఆగకండి.

అల్లిక గురించి రెండు మాటలు. సన్నని లేసు దారంతో కళ్లు లాగుతాయి. లేత రంగు ఊలు, 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది తీసుకుంటే కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. అరగంటకోసారి వేళ్లు చాపి విశ్రాంతి ఇవ్వండి. ఈ పనిలో నాకు నచ్చేది ఒకటుంది. మామూలుగా సూది మీద మిగిలేది ఒకే ఉచ్చు, కాబట్టి ఎక్కడైనా ఆపవచ్చు. తప్పు పోతే దారం లాగితే చాలు, వరుస ఊడి వస్తుంది, దారం మళ్లీ పనికొస్తుంది. నిద్ర రాని రాత్రి కాసేపు గొలుసు కుట్టు లెక్కపెడుతూ అల్లండి.

అయినా మరో వారం పదిరోజులు నిద్ర పట్టకపోతే, తిండి మీద ధ్యాస తగ్గితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం వెళ్లండి. కిందటి వారం ఎందుకు రాలేదని వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఒంట్లో బాగోలేదని చెప్పకండి, జరిగింది చెప్పండి.