నాన్నగారి కంప్యూటర్‌లో లినక్స్ వేశాక ఇబ్బందులు ఎక్కడ వచ్చాయంటే

మీ అమ్మగారి పాత కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కడం లేదని, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేస్తే ఆవిడ వాడుకోగలరా అని అడిగారు. సరిగ్గా ఇదే కారణంతో, తెనాలిలో ఉంటున్న మా నాన్నగారి కంప్యూటర్‌లో నేను లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ 22 వేశాను. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న ఆ పాత యంత్రం మీద అది బాగానే నడుస్తోంది. ఆయన విశ్రాంత తెలుగు పండితులు. మెనూలు మారితే తికమకపడతారని భయపడ్డాను గానీ, ఈ-పేపరు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ మొదటి రోజే అలవాటైపోయాయి. చిక్కులు నేను అనుకోని చోట్ల వచ్చాయి.

ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా ఆటోమేటిక్ లాగిన్ పెట్టాను. దాంతో బ్రౌజర్ తెరిచినప్పుడల్లా లాగిన్ కీరింగ్ తెరవడానికి పాస్‌వర్డ్ ఇవ్వమంటూ ఇంగ్లీషులో ఒక పెట్టె ప్రత్యక్షమయ్యేది. “పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు రోజూ మెసేజీలు పెడుతుంటే, ఈ తాళాల గుత్తి ఎవడిదిరా?” అని ఫోన్ చేసి, ఆయన రెండు రోజులపాటు కంప్యూటర్ జోలికే వెళ్లలేదు. ఆయన జాగ్రత్తను తప్పుపట్టలేను. దాచిన పాస్‌వర్డ్‌లు ఉండే ఆ కీరింగ్ మనం లాగిన్‌లో పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దానంతటదే తెరుచుకుంటుంది, ఆటోమేటిక్ లాగిన్‌లో మూసే ఉంటుంది. ఆటోమేటిక్ లాగిన్ తీసేశాక ఆ పెట్టె మళ్లీ కనిపించలేదు.

అసలు కష్టం తెలుగు దగ్గర వచ్చింది. ఇరవై ఏళ్లుగా రాసుకున్న వ్యాసాల్లో సగం అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలను ఒకే తీరుగా గుర్తించే పద్ధతి, కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి చూపించే పద్ధతి అది. అందువల్ల వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో తెరవగానే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపించాయి. ఫాంట్ ఫైళ్లు తెచ్చి వేస్తే పాతవి చదవడానికి వీలైంది గానీ, ఆ పద్ధతిలో కొత్తగా టైపు చేయడానికి కావలసిన ప్రోగ్రాం విండోస్‌ది. యూనికోడ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన ఫైళ్లు తెరుచుకున్నాయి, కానీ ఆ ఫాంట్ మింట్‌లో లేనందువల్ల దాని బదులు వేరొకటి వచ్చి, నాలుగు పేజీల వ్యాసం అయిదో పేజీలోకి జారింది. కీబోర్డు విషయంలో మాత్రం చేతికి అలవాటైన ఆపిల్ లేఅవుటే దొరకడం మా అదృష్టం: లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్ ప్రోగ్రాంకు ఎం17ఎన్ అనే ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి ఇతర తెలుగు లేఅవుట్లతో పాటు అదీ వస్తుంది. అయితే ఆ జోడించే పనిని ఆయనంతట ఆయన చేసుకోగలిగేవారని నేను అనుకోను.

ఇక ప్రింటర్. ఇంట్లో ఉన్నది ఒక పెద్ద కంపెనీ పాత లేజర్ ప్రింటర్. దానికి ప్రత్యేక డ్రైవర్ కావాలి. తంటాలుపడి ఎక్కిస్తే పనిచేసింది, నెల తిరక్కుండానే ఒక అప్‌డేట్ తర్వాత మూగబోయింది. చివరికి దాన్ని పక్కనపెట్టి, డ్రైవర్ అవసరం లేని ఎయిర్‌ప్రింట్ పద్ధతిని అంగీకరించే వైఫై ప్రింటర్ కొన్నాం. యూఎస్‌బీ డిజిటల్ సంతకాలు, విండోస్ కోసం తయారైన లెక్కల ప్రోగ్రాం ట్యాలీ వంటివి మీ అమ్మగారు వాడుతుంటే మాత్రం లినక్స్ ఆలోచన మానుకోవడమే మంచిది.

లిబ్రేఆఫీస్‌లో ఫైళ్లు డిఫాల్ట్‌గా వర్డ్ రూపంలోనే భద్రమయ్యేలా మొదటి రోజే మార్చిపెట్టండి. లేకపోతే ఫైలు తెరుచుకోవడం లేదని డీటీపీ షాపు నుంచి ఫోన్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేయకముందే మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి, వైఫై అందుతోందో లేదో చూసి, ఆవిడ పాత ఫైళ్లు నాలుగు తెరిచి, ఒక పేజీ ప్రింట్ తీయించండి. ఈ మూడూ ఆవిడ చేతుల మీదుగా జరిగేదాకా విండోస్‌ను చెరపకండి.