పాదయాత్రలో పాదాల సంరక్షణ, శుభ్రత: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మహాశివరాత్రికి వెంకటాపురం నుంచి నల్లమల అడవి దారిన శ్రీశైలం నడిచి వెళ్ళడం మా ఊరివాళ్ళకు అలవాటు. నిరుడు పెద్దచెరువు చేరేసరికే నా మడమల మీద బొబ్బలు లేచాయి. ఈసారి కొత్త బూట్లు కొన్నాను. ఇంకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకుడు, నంద్యాల)

జవాబు: ఆ కొత్త బూట్లను యాత్రకు రెండు మూడు వారాల ముందు నుంచే రోజూ వేసుకుని నడవండి. అంత వ్యవధి లేకపోతే వాటిని ఇంట్లోనే ఉంచి, కాలికి అలవాటైన పాత జతతో బయలుదేరడమే మేలు. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి బొటనవేలి ముందు వేలి మందం ఖాళీ ఉండాలి. భీమునికొలను లోయలోకి దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకోకుండా చీలమండ దగ్గర లేసులు బిగించుకోండి. గోళ్ళను నాలుగైదు రోజుల ముందే, మూలలు లోతుగా తీయకుండా, అడ్డంగా కత్తిరించుకోండి.

బొబ్బ ఎలా వస్తుందో తెలిస్తే దాన్ని ఆపడం సులువు. అడుగు వేసినప్పుడల్లా లోపలి ఎముక ముందుకు కదులుతుంటే, చెమటకు మెత్తబడిన చర్మం సాక్సుకు అతుక్కుని వెనకే ఉండిపోతుంది. ఈ సాగుడు వేలసార్లు జరిగేసరికి చర్మపు పొరలు విడిపోయి, ఆ సందులో నీరు చేరుతుంది. అందువల్ల చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోయే నూలు సాక్సులకు బదులు త్వరగా ఆరే సింథటిక్ సాక్సులు వేసుకోండి. గంటన్నరకు ఒకసారి బూట్లు విప్పి, వేళ్ళ సందులు తుడుచుకుని, పొడి జత మార్చుకోండి. విప్పిన జతను సంచికి పైన తగిలిస్తే నడుస్తుండగానే ఆరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, బొబ్బ లేవడానికి ముందు ఆ చోట చురుకుమని మంట పుడుతుంది. తోటివారు ముందుకు వెళ్ళిపోతారన్న మొహమాటంతో చాలామంది దాన్ని పట్టించుకోరు. దయచేసి అప్పుడే ఆగండి. కాలు తుడిచి, పొడిగా ఆరనిచ్చి, మందుల దుకాణంలో దొరికే మైక్రోపోర్ టేపును ముడతలు లేకుండా అతికించండి. ఆ అయిదు నిమిషాల విరామం మిగతా దారంతా మిమ్మల్ని కాపాడుతుంది.

అప్పటికే బొబ్బ లేచి, చిన్నదిగా ఉంటే కదిలించకండి. పెద్దదై అడుగు వేయనీయకపోతే, సబ్బుతో చేతులు కడుక్కుని, స్పిరిటుతో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు పోనివ్వండి. పైచర్మాన్ని మాత్రం పీకకండి. కింది పచ్చి చర్మానికి అదే కప్పు. పొవిడోన్ అయోడిన్ మందు రాసి కట్టు కట్టండి. చుట్టూ ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా నడక ఆపి వైద్యుణ్ణి కలవాలి.

ప్రశ్న: మా నాన్నగారికి పదేళ్ళుగా షుగర్ ఉంది. చెప్పులు లేకుండా నడుస్తానని మొక్కుకున్నారు. పంపవచ్చా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: చెప్పులు లేకుండా వద్దమ్మా. మధుమేహం ఏళ్ళ తరబడి ఉన్నవారిలో అరికాళ్ళ నరాలు మొద్దుబారడం సాధారణం. అలాంటివారికి ముల్లు దిగినా, ఎండకు కాగిన రాయి కాల్చినా తెలియదు; నొప్పి లేని ఆ గాయమే పుండుగా మారి వేళ్ళు తీసేసే పరిస్థితి తెస్తుంది. ముందు వైద్యుడి చేత పాదాలు పరీక్ష చేయించండి. వారు నడవవచ్చని చెబితే మెత్తటి బూట్లు, సాక్సులతో నడిచి, గుడి దగ్గర విప్పమని నాన్నగారికి నచ్చజెప్పండి. రోజూ రాత్రి ఆయన అరికాళ్ళను టార్చి వెలుగులో మరొకరు చూడాలి. ఆయనకు బొబ్బ లేస్తే సూదితో గుచ్చే పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: దారిలో స్నానానికి వీలుండదు. ఆడవాళ్ళం శుభ్రంగా ఉండేదెలా? (ఒక పాఠకురాలు, ఆత్మకూరు)

జవాబు: ఒక చెంబుడు నీళ్ళు, చిన్న తువ్వాలు చాలు. ముఖం, చంకలు, గజ్జలు, చివరికి పాదాలు, ఈ వరుసలో తుడుచుకుని, పూర్తిగా ఆరాకే పొడి బట్టలు వేసుకోండి. తొడలు ఒరుసుకునేచోట ఉదయమే వాజ్‌లైన్ రాసుకోండి. మట్టి, జిడ్డు పట్టిన చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు కాబట్టి తినేముందు సబ్బుతోనే కడుక్కోవాలి. తాత్కాలిక మరుగుదొడ్లు ఉన్నచోట వాటినే వాడండి. లేనిచోట నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, తోడుగా మరొకరిని తీసుకుని వెళ్ళండి. వాడిన ప్యాడ్లను కాగితంలో చుట్టి, కవరులో మూసి, వెంట తెచ్చుకుని శ్రీశైలంలో చెత్తబుట్టలో వేయండి. పెద్దచెరువులోకి దిగి సబ్బు వాడకండి. పులుల అభయారణ్యంలోని ఆ నీటినే అడవి జంతువులు తాగుతాయి. చెంబుతో నీళ్ళు ముంచుకుని, గట్టుకు దూరంగా వెళ్ళి కడుక్కోండి.