దేనిలో పెద్దది?

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అయిదేళ్ల పాప "ఎనిమిది కంటే మూడే పెద్దది" అని మొండికేస్తోందని నువ్వు రాసిన ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఒకటో తరగతికి పాఠం చెప్పిన తొలి ఏడాదిలో నేనూ ఇదే జవాబు విని, ఒక పిల్లవాడి పలక మీద తప్పు గుర్తు పెట్టాను. తీరా వెనక్కి తిరిగి చూస్తే, నల్లబల్ల మీద మూడంకెను జానెడు ఎత్తున, ఎనిమిదిని బెత్తెడు ఎత్తున రాసింది నేనే. వాడు కనిపించినదాన్ని కనిపించినట్టే చెప్పాడు. తప్పు నా ప్రశ్నలో ఉంది.

"పెద్ద" అనే మాటను మనం వయసుకూ, ఆకారానికీ, సంఖ్యకూ కూడా వాడతాం కాబట్టి, కొన్ని వారాలపాటు ఆ మాటను పక్కన పెట్టి పొడవు, పొట్టి, లావు, సన్నం, బరువు, తేలిక, ఎక్కువ, తక్కువ అనే మాటలతోనే పని నడిపించు. ఊదిన బుడగనూ చిన్న రాయినీ పాప రెండు చేతుల్లో పెట్టి, ఏది లావుగా కనిపిస్తోందో, ఏది బరువుగా ఉందో విడివిడిగా అడిగితే, దేనిలో పోలుస్తున్నామో ముందు తేల్చుకోవాలని తనకే తోస్తుంది. రెండు పెన్సిళ్ల పొడవు పోల్చేటప్పుడు వాటి మొదళ్లు ఒకే గీత మీద ఉండాలన్న సంగతిని నువ్వు చెప్పవద్దు. ఒకదాన్ని కాస్త ముందుకు జరిపి అడుగు, ఆ మోసాన్ని తనే పట్టుకోనీ. "ఎక్కువ" త్వరగా అలవాటవుతుంది గాని "తక్కువ" ఆలస్యంగా కుదురుతుంది. అందుకే ఏ జతనైనా రెండు వైపుల నుంచీ అడగాలి.

సంఖ్యలకు వచ్చేసరికి చాలామంది లెక్కింపుతో మొదలుపెడతారు. నేను జత కట్టించడంతో మొదలుపెడతాను. మూడు, నాలుగు వస్తువుల దాకా చూపుతోనే తెలుస్తుంది. అంతకు మించితే ఒక్కో గుండీ పక్కన ఒక్కో గింజను పెట్టించి, చివరికి ఏవి మిగిలాయో చూపించమను. లెక్కపెట్టడం సరిగా రాని బిడ్డ కూడా ఇలా పోల్చగలదు, పైగా తన జవాబుకు రుజువు తన కళ్ల ముందే ఉంటుంది. ఆ తరువాత సమానంగా ఉన్న రెండు వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపితే, పొడవైన వరుసలోనే ఎక్కువ ఉన్నాయని పాప అనవచ్చు. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జ్యాఁ పియాజే ఈ పరీక్షను ప్రసిద్ధం చేశాడు; ఆరేడేళ్ల లోపు పిల్లల్లో ఇటువంటి జవాబు సాధారణమని ఆయన గమనించాడు. అయితే ఒకే ప్రశ్నను వెంటవెంటనే రెండుసార్లు అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని బిడ్డ మాట మార్చే ప్రమాదమూ ఉంది. కాబట్టి వరుసను జరపక ముందు అడగకుండా, జరిపాక ఒక్కసారే అడిగి చూడు. అప్పటికీ తడబడితే దిద్దవద్దు, మళ్లీ జత కట్టించు.

అంకెలను పోల్చేటప్పుడు దూరపు జతలతో మొదలుపెట్టు. 2, 9 తేలిక. 8, 9 కష్టం. 1967లో మోయర్, లాండావర్ అనే పరిశోధకులు పరీక్షించినప్పుడు, పెద్దవాళ్లు కూడా దగ్గరి అంకెలకు జవాబు చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకున్నారు. మనకే అలా ఉంటే పాప ఆలోచిస్తూ ఆగిందని తొందరపెట్టడం న్యాయం కాదు. అంకెలన్నీ ఒకే ఎత్తులో రాయాలని వేరే చెప్పాలా!

రెండంకెల సంఖ్యల దగ్గర కొంతకాలం నిలవక తప్పదు. 29, 31 చూపిస్తే తొమ్మిదిని చూసి 29 ఎక్కువ అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పుల్లలను పదేసి కట్టలుగా కట్టించి, రెండు కట్టల పక్కన తొమ్మిది విడి పుల్లలు, మూడు కట్టల పక్కన ఒక విడి పుల్ల పెట్టించు. మన మాటల్లో ఇరవై మూడు అన్నప్పుడు ఇరవయ్యీ మూడూ విడివిడిగా వినిపిస్తాయి గాని, పన్నెండులో పదీ రెండూ అంత స్పష్టంగా వినిపించవు. అందువల్ల కట్టల పనిని ఇరవై దాటిన సంఖ్యలతో మొదలుపెట్టి, తరువాత పదకొండు, పన్నెండులకు రావడమే నాకు నచ్చిన దారి. "అంకెలు ఎక్కువుంటే సంఖ్య ఎక్కువ" అనే సూత్రం మాత్రం నేర్పవద్దు. పూర్ణ సంఖ్యలకు అది పనికొస్తుంది గాని, దశాంశాలు వచ్చిన రోజున 0.125 కంటే 0.5 ఎక్కువని ఒప్పించడానికి నానా తంటాలు పడాలి.

గుర్తులు చిట్టచివర. గణిత పండితుడు రాబర్ట్ రెకార్డ్ 1557లో సమాన గుర్తుకు రెండు సమాంతర రేఖలను ఎంచుకున్నది, వాటికంటే సమానమైనవి వేరే రెండు ఉండవన్న ఆలోచనతోనే. ఎక్కువ, తక్కువల గుర్తులు థామస్ హారియట్ అనే మరో గణిత పండితుడు చనిపోయాక 1631లో అచ్చయిన గ్రంథంలో కనిపించాయి. మొసలి పెద్ద సంఖ్య వైపు నోరు తెరుస్తుందన్న కథ పిల్లలకు సరదాగానే ఉంటుంది, కాని వాళ్లకు మొసలి గుర్తుండి సంఖ్యలు జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. దానికి బదులు దిమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చి, అయిదింటి స్తంభాన్ని ఎడమవైపు, రెండింటి స్తంభాన్ని కుడివైపు నిలబెట్టించు. ఆ రెండు స్తంభాల పైఅంచుల మీదుగా ఒక పుల్లను, అడుగు వెంబడి మరొక పుల్లను ఆనిస్తే, ఎత్తు ఉన్న వైపు ఎడం ఎక్కువగా, పొట్టి వైపు తక్కువగా కనిపిస్తుంది. 5 > 2 అనే గుర్తు ఆ పుల్లల్లోంచే పుడుతుంది. స్తంభాలు సమానమైతే పుల్లలు సమాంతరంగా నిలుస్తాయి.

రోజుకు పది నిమిషాలు చాలు. వచ్చే ఉత్తరంలో పాప ఎన్ని జవాబులు సరిగా చెప్పిందో కాదు, "ఎలా తెలిసింది?" అని అడిగినప్పుడు తన చేతులతో ఏం చేసి చూపించిందో వివరంగా రాయి.

ఇట్లు,
నీ మేనత్త